ఎవరి లెక్కలోనూ లేనివాళ్ళు

(కాలేజీ విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెన్నిస్ గురించి మాట్లాడతానని చెప్పగానే మీలో కొందరు నవ్వారు. హక్కుల సమావేశంలో ఈ ఆటల గోల ఏమిటని. నవ్వండి, ఫరవాలేదు. నేనెప్పుడూ రాకెట్ పట్టుకున్నదాన్ని కాదు. టీవీలో చూసి, పేపరు చివరి పేజీ చదివి తెలుసుకున్నదే నా జ్ఞానమంతా. అయితే ప్రతి పెద్ద టోర్నమెంటుకు ముందు పేపర్లలో ఒక జాబితా వస్తుంది, మీరూ చూసే ఉంటారు. ఈసారి 'డార్క్ హార్స్'లు ఎవరు కావచ్చు అని. ఆ జాబితా గురించే నేను మాట్లాడతాను.

ఆ మాట గుర్రప్పందేల నుంచి వచ్చింది. మలక్‌పేటలో రేసులకి వెళ్ళేవాళ్ళకి వివరించి చెప్పనక్కర్లేదు. ఎవరూ డబ్బు కాయని గుర్రం చివర్లో దూసుకొచ్చి గెలిచేస్తే దాన్ని అలా అంటారు. టెన్నిస్‌లో సీడింగ్ లేకుండా వచ్చి పెద్దవాళ్ళని ఓడించే అమ్మాయిలకి ఆ మాట వాడతారు. ఎవరికీ తెలియని మనిషి అన్నమాట. ఎవరికి తెలియదు, ఎందుకు తెలియదు అన్నది నా ప్రశ్న. కొందరు నిజంగానే కొత్తవాళ్ళు. 2021 యూఎస్ ఓపెన్‌లో 150వ ర్యాంకుతో వచ్చి, క్వాలిఫయింగ్ మూడు ఆటలు, అసలు టోర్నమెంటులో ఏడు ఆటలు ఒక్క సెట్టు కూడా పోగొట్టుకోకుండా గెలిచిన ఎమ్మా రాడుకానుకి అప్పుడు 18 ఏళ్ళు. ఆమెను ముందుగా ఊహించలేదంటే ఎవరినీ తప్పుపట్టలేం. కానీ అందరికీ తెలిసినవాళ్ళు, లోకం మెచ్చినవాళ్ళు కూడా ఈ జాబితాలోకి ఎలా వచ్చిపడుతున్నారు?

దానికి కొంచెం లెక్క తెలియాలి. గ్రాండ్‌స్లామ్ మహిళల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. వాళ్ళలో 32 మందికి సీడ్ ఇస్తారు. 2001 వింబుల్డన్‌కి ముందు 16 మందికే ఇచ్చేవారు. సీడ్ ఉన్నవాళ్ళు మొదటి రెండు రౌండ్లలో ఒకరికొకరు ఎదురుపడరు. సీడ్ లేనివాళ్ళకి ఆ రక్షణ లేదు, మొదటిరోజే ప్రపంచ నంబర్ వన్ ఎదురు కావచ్చు. సీడ్ సాధారణంగా ర్యాంకును బట్టి వస్తుంది. ర్యాంకు గడిచిన 52 వారాల్లో సంపాదించుకున్న పాయింట్లను బట్టి వస్తుంది. ఏడాది దాటిన పాయింట్లు రాలిపోతూ ఉంటాయి. అంటే ఒక ఏడాది ఆడకపోతే ఖాతా సున్నా. మోకాలు దెబ్బతిన్నా సున్నాయే, బిడ్డను కన్నా సున్నాయే. మోకాళ్ళు మగవాళ్ళకీ ఉంటాయి. రెండోది మనకే.

2009 యూఎస్ ఓపెన్ తీసుకోండి. ఆ జూలైలో రోజర్ ఫెదరర్‌కి కవలపిల్లలు పుట్టారు. సెప్టెంబరులో ఆయన టాప్ సీడ్‌గా ఆడి ఫైనల్ దాకా వెళ్ళాడు. పిల్లలు పుట్టినందుకు ఆయన ర్యాంకు ఒక్క మెట్టు కూడా దిగలేదు. దిగాలని నేను అనడం లేదు. అదే టోర్నమెంటుకి బెల్జియం నుంచి కిమ్ క్లైస్టర్స్ వచ్చింది. 2003లో ప్రపంచ నంబర్ వన్ అయిన మనిషి, 2005లో అదే టోర్నమెంటు గెలిచిన మనిషి. 2007లో ఆట మానేసి, 2008 ఫిబ్రవరిలో కూతుర్ని కని, 2009 ఆగస్టులో మళ్ళీ కోర్టులోకి దిగింది. యూఎస్ ఓపెన్ నాటికి ఆమెకి ర్యాంకే లేదు. నిర్వాహకులు దయతలచి ఇచ్చిన వైల్డ్ కార్డుతో ఆడింది. వీనస్‌ని ఓడించింది, సెరీనాని ఓడించింది, ఫైనల్లో వోజ్నియాకీని 7-5, 6-3తో ఓడించి కప్పు పట్టుకుంది. ఏడాదిన్నర కూతురు కోర్టులో బుడిబుడి నడకలు నడుస్తుంటే ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. అందరూ అద్భుతం అన్నారు. నాకు మాత్రం ఆ ఫొటోలు చూస్తే, ఈమె అనామకురాలు ఎప్పుడయింది అనిపించింది.

సెరీనా విలియమ్స్ విషయంలో ఇది బహిరంగంగా రచ్చకెక్కింది. 2017 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచేనాటికే ఆమె గర్భవతి. సెప్టెంబరులో కూతురు పుట్టింది, ప్రాణం మీదికి వచ్చింది. 2018 ఫ్రెంచ్ ఓపెన్ నాటికి ఆమె ర్యాంకు 451. డ్రాలోకి రానిచ్చారు గానీ సీడ్ ఇవ్వలేదు. 23 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళ మనిషి డార్క్ హార్స్ అయింది! వింబుల్డన్ వాళ్ళు మాత్రం ఆమె 183వ ర్యాంకులో ఉన్నా 25వ సీడ్ ఇచ్చారు. ఆమె ఫైనల్ దాకా వెళ్ళింది.

ఇక్కడే చిక్కు ఉంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. సీడ్లు 32 మాత్రమే. సెరీనాని లోపలికి తెస్తే ఒకరు బయటికి పోవాలి. స్లొవేకియా అమ్మాయి డొమినికా సిబుల్కోవా ర్యాంకు సరిగ్గా 32. ఆమె సీడ్ పోయింది. ఇది అన్యాయమని ఆమె బాహాటంగానే చెప్పింది. ఆమె మాటలో తప్పేముంది? ఏడాదంతా దేశాలు తిరిగి ఆడి తెచ్చుకున్న చోటు అది. చూడండి, నియమాల పుస్తకంలో తల్లులకి చోటు పెట్టని వాళ్ళు ఎవరో పక్కకి తప్పుకున్నారు, చివరికి గొడవ ఇద్దరు ఆడవాళ్ళ మధ్యకి వచ్చింది. ఇది మనకి కొత్తా? చెప్పడం మరిచాను, సీడ్ పోయిన సిబుల్కోవా ఆ వింబుల్డన్‌లో క్వార్టర్ ఫైనల్ ఆడింది.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేసిన రోజుల్లో మా తోటి లెక్చరర్ ఒకామె కాన్పు అయ్యాక తిరిగొచ్చింది. ఆమెని కొత్తగా చేరినట్టు రాసుకున్నారు. ఏడేళ్ళ సీనియారిటీ ఒక్క సంతకంతో పోయింది. ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు ఉద్యోగం తీసెయ్యకూడదని, ఉద్యోగ షరతులు ఆమెకి నష్టం కలిగేలా మార్చకూడదని 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలోనే ఉండేది. మాకెవరికీ ఆ సంగతి అప్పుడు తెలియదు. ఆ పైఏడు ఆమె విద్యార్థులకి మంచి ఫలితాలు వస్తే ప్రిన్సిపాలు గారు ఆశ్చర్యపోయారు. అనుకోలేదమ్మా అన్నారు.

టెన్నిస్ వాళ్ళకి ఆ చట్టం పాటి కూడా లేదు. వాళ్ళు ఎవరి ఉద్యోగులూ కారు. ఆడితేనే డబ్బు. మహిళా టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ 2018 డిసెంబరులో నియమం మార్చింది. బిడ్డ పుట్టిన నాటి నుంచి మూడేళ్ళలోపు, పాత ర్యాంకు చూపించి 12 టోర్నమెంట్లలో నేరుగా ప్రవేశించవచ్చు. పాత ర్యాంకును బట్టి సీడ్ రావలసిన మనిషయితే మొదటి రౌండులో సీడెడ్ క్రీడాకారిణి ఎదురుకాదు. సీడ్ మాత్రం ఇవ్వరు. 2025 మార్చిలో ప్రసూతి నిధి కూడా ప్రకటించారు, 12 నెలల దాకా వేతనంతో సెలవు. బహుమతి డబ్బు మగవాళ్ళతో సమానంగా ఇస్తామని యూఎస్ ఓపెన్ ఒప్పుకున్నది 1973లో, వింబుల్డన్ ఒప్పుకున్నది 2007లో. వాటి పక్కన పెట్టి చూడండి, ఇది ఎంత ఆలస్యమో తెలుస్తుంది.

పేరున్నవాళ్ళకి వైల్డ్ కార్డులైనా వస్తాయి. పేరులేని తల్లుల మాటేమిటి? జర్మనీకి చెందిన తత్యానా మారియా 2021 ఏప్రిల్‌లో రెండో కూతుర్ని కంది. 2022 వింబుల్డన్‌కి 103వ ర్యాంకుతో వచ్చి, ఐదో సీడ్ సక్కారీని, ఆ తర్వాత ఒస్టాపెంకోని ఓడించి 34 ఏళ్ళ వయసులో సెమీఫైనల్ ఆడింది. ఆ మనిషే 2025లో 37 ఏళ్ళకి లండన్ క్వీన్స్ క్లబ్ టోర్నమెంటుని క్వాలిఫయర్‌గా వచ్చి గెలిచింది. ఉక్రెయిన్ ఎలీనా స్విటోలినా 2022 అక్టోబరులో తల్లయింది. 2023 వింబుల్డన్‌కి వైల్డ్ కార్డు తీసుకుని వచ్చి, మరో తల్లి అజరెంకాని, నంబర్ వన్ స్వియాటెక్‌ని ఓడించింది. సెమీఫైనల్లో ఆమెని ఆపింది 42వ ర్యాంకు మార్కెటా వాండ్రుసోవా. సీడ్ లేకుండా వింబుల్డన్ గెలిచిన మొదటి మహిళ ఆ వాండ్రుసోవాయే.

మన సానియా మీర్జా కూడా మొదట ఈ జాబితా మనిషే. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్ కార్డుతో మూడో రౌండు దాకా వెళ్ళి సెరీనా చేతిలో ఓడింది. మరుసటి నెలలో సొంత ఊరు హైదరాబాద్‌లోనే టైటిల్ గెలిచింది. ఆ ఏడాదే ఆమె ఫోర్‌హాండ్ కన్నా ఆమె స్కర్టు పొడుగు గురించి ఎక్కువ చర్చ జరిగింది. 2016లో, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగా, టీవీ ఇంటర్వ్యూలో ఎప్పుడు స్థిరపడతారని, పిల్లల సంగతేమిటని అడిగారు. ఆమె అక్కడే కడిగేసింది, అడిగినాయన క్షమాపణ చెప్పాడు. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో హోబార్ట్‌లో నదియా కిచెనోక్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచింది. రెండేళ్ళ పైచిలుకు తర్వాత ఆమె ఆడిన మొదటి టోర్నమెంటు అది.

ఇంతకీ ఈసారి డార్క్ హార్స్ ఎవరని మీరు అడుగుతారు. పేర్లు చెప్పడానికి నేను జ్యోతిష్కురాలిని కాను. డ్రా పేపర్లో వచ్చినరోజు సీడ్ల జాబితా పక్కన పెట్టి, మిగిలిన 96 పేర్లు చదవండి. పేరు పక్కన డబ్ల్యూ.సి. అని ఉంటే వైల్డ్ కార్డు, క్యూ అని ఉంటే క్వాలిఫయింగ్ ఆడి వచ్చింది. పి.ఆర్. అని ఉంటే పాత ర్యాంకు మీద తిరిగి వచ్చింది. ఎక్కడి నుంచి తిరిగి వచ్చిందో వెతకండి. దెబ్బ తగిలిందా, బిడ్డను కన్నదా. ఆమె మొదటి ఆట ఏ కోర్టులో, ఎన్ని గంటలకో రాసి పెట్టుకోండి. ఆ ఆట చిన్న కోర్టులోనే ఉంటుంది, టీవీలో చూపిస్తారో లేదో.