దాయిరా మీర్ మోమిన్‌లో సాలార్ జంగ్ సమాధి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాలార్ జంగ్ అనగానే మనవాళ్ళకు మ్యూజియం జ్ఞాపకం వస్తుంది. అది మనుమడు, మూడవ సాలార్ జంగ్‌గారి సేకరణ. మేము చెప్పబోయేది తాతగారు మీర్ తురాబ్ అలీ ఖాన్ సంగతి.

1853లో, ఇరవై నాలుగేళ్ళకే ఆయన నిజాంకు దివాన్ అయ్యారు. ఖజానా ఖాళీ. శిస్తు గుత్తకు పాడుకున్నవాళ్ళు రైతును పీల్చి పిప్పి చేస్తుండేవారు. ఆయన గుత్తలు తీసివేసి, జీతం మీద తాలూకుదార్లను పెట్టారు. 1865లో జిలాబందీ చేసి జిల్లాలు ఏర్పరచారు. మన రాచర్ల, కంభం వైపుకు ఆ మేలు అందలేదు లెండి! 1800లోనే నిజాం ఈ సీమను కంపెనీవారికి ధారాదత్తం చేశాడు.

అయితే ఒక సంగతి దాచకూడదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీద పడ్డారు. దివాన్‌గారు తెల్లవారి పక్షమే నిలిచారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపి శవాన్ని వేలాడదీశారు. మౌల్వీగారిని అండమాన్ పంపించారు. దివాన్ రాజ్యాన్ని కాపాడాడని కొందరు, ద్రోహమని కొందరు అంటారు. ఆయన పరిపాలన మెచ్చే మేము ఈ పని మాత్రం మెచ్చలేకున్నాము.

1883 ఫిబ్రవరి 8న కలరాతో పోయారు. పాతబస్తీలో, కుతుబ్‌షాహీల పేష్వా మీర్ మోమిన్‌గారు ఏర్పరచిన ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. మీర్ మోమిన్‌గారి సమాధీ అక్కడే.

హైదరాబాదు వెళ్ళే మన పిల్లలు మ్యూజియం చూసి తిరిగి వస్తున్నారు. ఈసారి దాయిరాకూ వెళ్ళి ఫాతిహా చదవండి. కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరిట రోడ్డుంది, అక్కడా కాసేపు ఆగండి.