దేవుడి పేరు లేని పాట



"పొద్దున్నే ఆ సినిమా పాటలేమిటి, ఏ సుప్రభాతమో పెట్టుకోక!" అన్న మాట మనలో చాలామంది వినే ఉంటారు. దేవుడి పేరుంటే భక్తి, లేకపోతే కాలక్షేపం. ఇదీ మన ఇళ్ళల్లో లెక్క. మా చిలకలపూడిలో ఈ లెక్కకు బలం మరీ ఎక్కువ. 1929లో భక్త నరసింహంగారు కట్టించిన పాండురంగస్వామి గుడి ఉంది కదా, కార్తికంలో ఊరంతా భజనలే. ఆ భజనలంటే నాకూ గౌరవమే. అయితే మాది రోల్డుగోల్డు నగల ఊరు. పైన పూత ఉన్నదల్లా బంగారం కాదని మాకెవరూ చెప్పనక్కర్లేదు!

ఇక్కడికి ఎంతో దూరం లేదు, కూచిపూడి పక్కనే మొవ్వ. పదిహేడవ శతాబ్దపు క్షేత్రయ్య ఊరది. ఆయన పదాల్లో పూజలూ వ్రతాలూ ఉండవు. ఒకావిడ ఎదురుచూస్తుంది, అలుగుతుంది, నిలదీస్తుంది, నెచ్చెలితో చెప్పుకుని బాధపడుతుంది. ఆ ప్రియుడి పేరు మువ్వగోపాలుడు కనుక, "ఇదంతా జీవాత్మ పరమాత్మల సంగతేనమ్మా" అని పెద్దలు సర్దిచెబుతూంటారు. ఆ సర్దుబాటు అక్కర్లేదనే నాకనిపిస్తుంది. పదం నడకలో తొందర ఉండదు. ఒక్క మాటనే పట్టుకుని ఓసారి కోపంగా, ఓసారి దిగులుగా, ఓసారి నవ్వుతూ పాడతారు. ఇంకొకరి మనసును అంత ఓపికగా వినడం జపం కన్నా తక్కువా, చెప్పండి?

ఆ పదాలను తరతరాలుగా గొంతులో దాచి మనకిచ్చింది దేవదాసీలూ, కళావంతుల స్త్రీలూ. పదం సభలకెక్కింది. పాడినావిడను మాత్రం గౌరవంగా గుమ్మంలోకి పిలిచినవాళ్ళు తక్కువ. ఆడపిల్లలను గుళ్ళకు అంకితమివ్వడాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం చేసి మాన్పించారు, మంచి పనే. పాడినవాళ్ళ పేర్లు కూడా మరిచిపోవడమే మంచిది కాదు.

ఇక మన ఘంటసాలగారు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టారు. 1953లో వచ్చిన 'దేవదాసు'లో తాగినవాడి పాటే ఆయన గొంతులో వింటే, పురాణ కాలక్షేపంలో కలగని వైరాగ్యం గరిటె పట్టుకున్న చేతికి కలుగుతుంది. 1957 నాటి 'పాండురంగ మహత్యం'లో పుండరీకుడు ఏడుస్తూ పిలిచేది ముందు అమ్మను. ఆ కథ మీకు తెలిసిందేగా. తరవాత అతను అమ్మానాన్నల సేవలో ఉండగా స్వామే గుమ్మంలోకి వస్తే, కాస్త ఆగమని ఇటుక విసిరాడు. స్వామి కోప్పడలేదు, దానిమీదే నిలబడ్డాడు. మా ఊరి గుళ్ళో మేం దండం పెట్టుకునేది అలా ఆగినాయనకే.