పిల్లి రక్కినచో

కుక్క కరచినచో ఇంటిల్లిపాదియు ఉలికిపడుదురు. ఇరుగుపొరుగువారు చేరి తలకొక సలహా చెప్పుదురు. తుదకు ఎవరో ఒకరు మోటారు సైకిలు తీసి ఆసుపత్రికి కొనిపోవుదురు. పిల్లి రక్కినచో ఇంత అలజడి ఉండదు. "పిల్లియే కదా" అని చీరచెంగుతో తుడిచి మఱచిపోవుదురు. మఱచిపోయినను హాని లేని గీతలే వీనిలో ఎక్కువ అని మేమును ఒప్పుకొందుము. కాని ఏ గీతను మఱవవచ్చునో, ఏ గీతను మఱవరాదో చర్మమును చూచి చెప్పగల వైద్యుడు ఇంతవఱకు పుట్టలేదు. నేటి మా ప్రసంగము ఆ చిన్న గీతను గూర్చియే.

మేము బోధనులో చిరకాలము వైద్యవృత్తి నెఱపినవారము. అయినను ఈ పాఠమును మా యింటనే మరల చదువుకొనవలసి వచ్చినది. నిజాంసాగరు నీరు పాఱు ఈ ప్రాంతమున వరియు చెఱకును పండును. వడ్ల బస్తాలున్న ఇంట ఎలుకలు తప్పవు. ఎలుకలున్న ఇంటికి పిల్లిని ఎవరును పిలువనక్కఱలేదు. అట్లే ఒక బూడిదరంగు పిల్లి మా పెరటి కొట్టుగదిలో కాపురము పెట్టి మూడు కూనలను కన్నది. మా మనుమరాలు ఆఱేండ్ల పిల్ల. కూనను ముద్దాడుటకు చేయి చాచినది. తల్లిపిల్లి ముంజేతిపై రెండు గీతలు గీసినది. నెత్తురు పూసలవలె పొడమినది. మేము ఆనాడు పనిమీద నిజామాబాదు వెళ్ళియుంటిమి. మా అక్కగారు పిల్లను ఓదార్చి, గీతలపై చిటికెడు పసుపు అద్ది, బెల్లము ముక్క చేతికిచ్చి, విషయమును అంతటితో ముగించిరి. రాత్రి ప్రొద్దుపోయి వచ్చిన మేము ఏమియు ఎఱుగము. మఱునాడు ఉదయము పిల్ల పాలు త్రాగుచుండగా ముంజేతిపై పసుపు మరక కనబడినది. వైద్యుని ఇంట ఇట్లు జరిగినదని చెప్పుకొనుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. కాని మా యింట జరిగినది మీ యింట జరుగదని అనుకొనుటకు వీలు లేదు గదా!

పసుపు మా జిల్లాకు పేరు తెచ్చిన పంట. నిజామాబాదు పసుపు మార్కెట్టు దేశమంతటను ప్రసిద్ధము. 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డునకు ఆ పట్టణమే ప్రధాన స్థానము. అట్టి పసుపును నిందించుట మా అభిమతము కాదు. కూరలో వేయుడు, గడపకు పూయుడు. కాని రేబీస్ విషాణువుపై పసుపునకు అధికారము లేదు. కారము, సున్నము, కాఫీపొడి, ఆకుపసరు, నూనె – ఇవి కూడ అంతే. ఇవి విషాణువును చంపవు సరికదా, గాయమును మండించి, కప్పివేసి, కడుగవలసిన చోటును కడుగనీయకుండ చేయును. కుక్కకాటునకు చెప్పుదెబ్బ అను సామెతను వైద్యముగా పాటించువారిని కూడ మేము చూచితిమి. సామెత సామెతగా ఉండుటయే మేలు.

గోరుగీత వలన రేబీస్ ఎట్లు వచ్చునని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. విషాణువు గోటిలో పుట్టదు. వ్యాధిగల జంతువు లాలాజలములో ఉండును. కాని పిల్లి దినములో ఎన్ని మారులు పంజాను నాకుకొనునో మీరెఱుగుదురు. నాకిన పంజా తడి ఆరకముందే రక్కినచో ఆ తడి గీతలోనికి పోవచ్చును. ఎండిన చొంగలో విషాణువు ఎక్కువసేపు బ్రదుకదు గనుక కాటుకంటె గోరుగీత వలన అపాయము తక్కువ. ఇది ధైర్యము చెప్పదగిన మాటయే. అయితే పిల్లి కోపించినపుడు గోటితో మాత్రమే ఆగునా? పట్టుకొని కొఱుకును కూడ. దాని పండ్లు సూదులవంటివి. ఆ గుర్తు గోటి గుర్తువలెనే కనబడును. చిన్నపిల్ల ఏడ్చుచు "పిల్లి రక్కింది" అనును. కఱచినదో, రక్కినదో ఆ పిల్లయే ఎఱుగదు. కావున పెద్దలు గోరుగీతను కాటుగానే ఎంచవలెను.

పిల్లికి ఈ వ్యాధి ఎక్కడిది? మన దేశములో ఇది ముఖ్యముగా కుక్కల వ్యాధి. మనుష్యులకు సోకు రేబీస్‌లో నూటికి 99 పాళ్ళు కుక్కల వలననే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రాత్రులు వీధులు తిరుగు పిల్లిని పిచ్చికుక్క కఱచినచో పిల్లికిని అదే గతి. అట్టి పిల్లి చీకటి మూలలు వెదకును, తిండి ముట్టదు, గొంతు మార్చి అఱచును, చొంగ కార్చును, పిలువకయే మీదపడును. ఈ లక్షణములు పైకి కనబడుటకు కొలది దినములు ముందుగనే విషాణువు లాలాజలములో చేరవచ్చును. అందుచేత "పిల్లి బాగుగనే ఉన్నది" అను మాట ఆ దినమునకు పూర్తి సాక్ష్యము కాదు.

విషాణువు గాయములో ప్రవేశించి నరములను పట్టుకొని మెల్లగా మెదడు వైపు ప్రాకును. సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు, కొందఱిలో వారము దినములు, అరుదుగా సంవత్సరము దాటియు ఈ ప్రయాణము సాగును. ముఖము, తల, మెడ, చేతులు – ఇచ్చటి గాయములకు వ్యవధి తక్కువ. మెదడును చేరి నీటిని చూచి గొంతు బిగిసిన పిమ్మట వైద్యుడు చేయగలిగినది దాదాపు ఏమియు లేదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున జలత్రాసమును వర్ణించిన ప్రాచీనులు కూడ ఇది అసాధ్యమనియే తలచిరి. నేటికిని వ్యాధి బయటపడిన పిదప బ్రదికినవారు ప్రపంచమున అతి కొద్దిమంది. హైదరాబాదు నల్లకుంట జ్వరాసుపత్రికి కొనిపోబడు ఇట్టి రోగుల బంధువులు "అప్పుడు చిన్న గీతయే గదా అనుకొంటిమి" అని విలపించుట వైద్యులు వినరాని మాట, వినుచునే ఉన్నారు. ఒక్క సంగతి మాత్రము మనకు అనుకూలము. విషాణువు మెల్లగా నడచును. దానికంటె ముందు మనము నడువవచ్చును.

మొదటి అడుగు సబ్బు. ఈ విషాణువు చుట్టు క్రొవ్వుపొర యొకటి కలదు. నేయి అంటిన గిన్నెను సబ్బు ఎట్లు వదలగొట్టునో ఆ పొరను కూడ అట్లే చెఱచును. గాయమును ధారగా పాఱు నీటిక్రింద పట్టి, సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. పదునైదు నిమిషములనగా గడియారమున పదునైదు, తలచుకొన్నంతలో కాదు. బట్టలసబ్బైనను సరియే. చేనిలో ఉన్నవారికి బోరుమోటారు గొట్టము ఉన్నది. కడిగిన పిదప పోవిడోన్ అయొడిన్ వంటి మందున్నచో పూయవచ్చును. గట్టిగా కట్టు కట్టరాదు. వెంటనే కుట్లు వేయింపరాదు. నిన్న తగిలిన గాయమైనను నేడు కడుగవలెను. మా మనుమరాలి చేతి పసుపును మేము అట్లే మఱునాడు కడిగితిమి. అక్కగారు అలిగి లోనికి వెళ్ళిరి.

రెండవ అడుగు ఆసుపత్రి, అదే దినమున. ఇచ్చట ఒక పొరపాటు మా ప్రాంతమున తఱచు జరుగుచున్నది. వాడలోని వైద్యుని వద్ద ఒక టి.టి. సూది పొడిపించుకొని "సూది అయినది" అని తృప్తిపడుదురు. అది ధనుర్వాతమునకు మందు, అదియు కావలసినదే, కాని రేబీస్‌ను అది తాకనైన తాకదు. ఏ సూది వేసిరో పేరడిగి చీటీపై వ్రాయించుకొనుడు.

చెక్కుచెదరని చర్మమును పిల్లి నాకినంత మాత్రమున సూది అక్కఱలేదు. నెత్తురు రాని చిన్న గీత, పైపొర లేచిన గీఱు – వీనికి కడుగుటయు టీకాయు చాలును. నెత్తురు పొడమినచో, లేక పూర్వము ఉన్న పుండును నాకినచో, కంటను నోటను చొంగ పడినచో, టీకాతోపాటు సీరము కూడ కావలెను. టీకా మన శరీరముచేత రక్షక పదార్థమును తయారు చేయించును. దానికి ఒకటి రెండు వారములు పట్టును. సీరము ఆ రక్షణను సిద్ధముగా తెచ్చి గాయము చుట్టును నిలుపును. బరువును బట్టి మోతాదు లెక్కించి గాయములోననే పొడుతురు. నొప్పి కలుగును, పిల్లలు ఏడ్తురు, ఆ ఏడ్పును చూచి తల్లిదండ్రులు వలదనరాదు.

టీకాను ప్రభుత్వాసుపత్రులలో చర్మపు పొరలోనికి రెండు దండచేతులకును చిన్న మోతాదులుగా ఇత్తురు. మొదటి సూది దినమును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 దినములలో నాలుగు మారులు పోవలెను. కండలోనికి వేయు పద్ధతిలో 0, 3, 7, 14, 28 – ఐదు మారులు. పసిపిల్లలకు తొడ ముందుభాగమున వేయుదురు, పిఱుదులకు వేయరాదు. ఒక దినము తప్పినచో మొదటినుండి ఆరంభింపనక్కఱలేదు. వెంటనే పోయి తరువాతి సూది వేయించుకొనవలెను. గర్భిణులును, బాలింతలును నిస్సంకోచముగా వేయించుకొనవచ్చును. పథ్యము లేదు. మాంసము మానవలెనా అని అడుగువారు నేటికిని కలరు, మాననక్కఱలేదు.

సూది అనగానే పెద్దలు బొడ్డును తడుముకొందురు. అందులకు కారణము ఉన్నది. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరునకు టీకా ఇచ్చి బ్రదికించిన పిమ్మట, మన దేశమున 1900లో కసౌలీలోను, 1907లో కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలసినవి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొఱ్ఱె మెదడునుండి తయారు చేసిన టీకా దాదాపు శతాబ్ది కాలము మనకు దిక్కైనది. దానిని కడుపుపై వరుసగా దినదినము పొడిచెడివారు. 1937లో వెలసిన శక్కర్‌నగరు చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అది ముమ్మరముగా నడచిన దినములలో చెఱకు కోతకు వచ్చిన కూలీలు కుక్కకాటుతో మా వద్దకు వచ్చెడివారు. మూడు నాలుగు సూదులు పడగనే బండ్లతోపాటు మాయమయ్యెడివారు. ఎక్కడికి పోయిరో, ఏమైరో మాకు తెలియదు. ఆ ముఖములు కొన్ని ఇప్పటికిని జ్ఞాపకము వచ్చును. ఆ టీకా తయారీ మన దేశమున 2004 చివర నిలిచిపోయినది. నేటి టీకాలు కణముల పెంపకమున తయారగునవి. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వంటి సంస్థలు వీనిని తయారు చేయుచున్నవి. కడుపు జోలికి ఎవరును పోరు.

ఇక పది దినముల మాట. రక్కిన పిల్లి పది దినములు ఆరోగ్యముగా బ్రదికియున్నచో, రక్కిన నాడు దాని చొంగలో విషాణువు లేదని నిశ్చయింపవచ్చును. కుక్కకును పిల్లికిని మాత్రమే ఈ లెక్క చెల్లును. దీనిని విన్నవారు కొందఱు పది దినములు పిల్లిని చూచుచు కూర్చుండి పదునొకండవ నాడు ఆసుపత్రికి వత్తురు. ఇది తలక్రిందుల పని. సూదులు మొదటి నాడే ఆరంభింపవలెను. పిల్లిని చూచుట ప్రక్కన సాగవలెను. పది దినములకు పిల్లి బాగుండెనేని మిగిలిన సూదుల సంగతి వైద్యుడు చెప్పును. పిల్లిని చంపరాదు, చంపినచో సాక్షిని చంపినట్లే. మా సాక్షియో, రెండవ నాటికే లేదు. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని అందురు గదా, మూడు కూనలను నోట కఱచుకొని ఏ యింటికి పోయెనో తెలియలేదు.

ఇంకొక వ్యాధిని గూర్చి ఒక్క మాట. పిల్లి రక్కిన కొలది దినములకు చంకలోనో మెడలోనో బిళ్ళ కట్టి జ్వరము వచ్చినచో అది బార్టొనెల్లా అను సూక్ష్మజీవి వలన కలుగు వేఱు జ్వరము కావచ్చును. అది చాలవఱకు తనంత తానే తగ్గును. అయినను వైద్యునకు చూపుడు. రేబీస్ అని హడలిపోనక్కఱలేదు.

మా మనుమరాలికి సీరమును, నాలుగు మారుల టీకాయు బోధను ప్రభుత్వాసుపత్రిలోనే జరిగినవి. ఇరువది యెనిమిదవ నాటి సూది వేయించి తెచ్చిన సాయంకాలము, ప్రహరీగోడపై ఆ బూడిదరంగు పిల్లి నిక్షేపముగా నడచివచ్చినది. వెనుక ఒక కూన. అక్కగారు మా వైపు తిరిగి, "చూసినవా తమ్మీ, పిల్లికి ఏం కాలే. పొల్లకు ఊకెనే గన్ని సూదులు పొడిపిస్తివి" అనిరి. ఇది మొదటి నాడు మాకు తెలియదు గదా అక్కా అని మాత్రము అంటిమి.

పిల్లికి మూడు నెలల వయసు నుండి ఏటేట రేబీస్ టీకా వేయించవచ్చును. ఆ వారమే దానిని గోనెసంచిలో పట్టి పశువైద్యశాలకు కొనిపోవ సంకల్పించితిమి. సంచి మూతి బిగించునపుడు అది మా మణికట్టుపై ఒక గీత గీచినది, నెత్తురు వచ్చినది. మేము పూర్వము పూర్తిగా టీకా పొందినవారము గనుక సీరము అక్కఱలేదు. 0, 3 దినములలో రెండు సూదులు చాలును. మేము ఈ మాట చెప్పబోవునంతలోనే అక్కగారు పంపు త్రిప్పి, సబ్బు మా చేతిలో పెట్టి, గోడ గడియారము వైపు చూచుచు నిలుచుండిరి. పది నిమిషములకు చేయి తీయబోగా, "ఇంక అయిదున్నది" అనిరి.