జీపులో పెట్టె



మన సరిహద్దు ఊళ్లలో పాత జీపు ఉన్నవాళ్లకు తెలిసిన ఇబ్బందే ఇది. బండి దేనికైనా పనికొస్తుంది గానీ, వెనకభాగం మాత్రం బోసి. పైన కప్పు ఉండదు, తాళం ఉండదు. సంచి పెట్టి టీ తాగి వచ్చేలోగా సంచి ఉంటుందో లేదో చెప్పలేం. వాన వస్తే సరుకుతో పాటు మనమూ తడవాలి. అటువంటి బండికి, కావాలంటే బిగించుకుని, వద్దంటే తీసి ఇంట్లో పెట్టుకునే పెట్టె ఒకటి ఎలా చేసుకున్నామో చెబుతాను. ఆ పెట్టె తయారైంది మన జిల్లాలో కాదు, ముంబైలో, కామాఠిపురాలో.

ఆ పేరు చెప్పగానే కొందరు ముసిముసిగా నవ్వుతారు. నవ్వేవాళ్లకు ఆ పేరెలా వచ్చిందో తెలియదు. 18వ శతాబ్దం చివరి నుంచీ తెలంగాణ పల్లెల నుంచి కూలికి పోయిన మనవాళ్లను అక్కడ కామాఠీలు అన్నారు. రాళ్లు మోసి, గోడలు కట్టి, ఆ మహానగరాన్ని నిలబెట్టిన చేతుల్లో వాళ్ల చేతులున్నాయి. వాళ్లు కాపురమున్న చోటే కామాఠిపురా. అక్కడి వీధులకు ఒకటో గల్లీ, రెండో గల్లీ అని అంకెలే పేర్లు. తర్వాత పద్మశాలీలు వేల సంఖ్యలో బట్టల మిల్లులకు వెళ్లి వర్లీ, పరేల్ చాళ్లలో స్థిరపడ్డారు. మా మేనమామ అటువంటివాడే. వర్లీలోని బీడీడీ చాళ్లలో, 160 చదరపు అడుగుల గదిలో ఆయన సంసారం. మంచం కింద రేకు ట్రంకుపెట్టె, పైన అటక. రాత్రి పరిచేవన్నీ పొద్దున్నే చుట్టి అటకెక్కించాలి.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మందితో పాటు మామా బయటికొచ్చాడు. మిల్లు మళ్లీ పిలవలేదు. కామాఠిపురా దగ్గర ఒక బండ్ల షెడ్డులో రేకులు సాపు చేసే పనికి కుదిరాడు. 1994లో నేను జీపు వేసుకుని వెళితే, తన ట్రంకు నాకు అప్పగించాడు. "అల్లుడా, మిల్లు కాయితాలు అందులోనే ఉన్నయి. ఊళ్లో అక్క దగ్గర పెట్టు, ఇక్కడ గదికి నీళ్లు కారుతున్నయి" అన్నాడు. నేను దాన్ని తాడుతో కట్టాను. నాందేడ్ దాటాక వాన. గుంతలో బండి ఎగిరినప్పుడు తాడు సడలి పెట్టె పక్కకు ఒరిగింది, మూత నోరు తెరిచింది. ఇంటికొచ్చి చూస్తే జీతం చీటీల మీద సిరా నీలం మరకయింది. టికెట్ నంబరు చదవడానికి లేదు.

మామా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మరుసటి ఏడు మళ్లీ వెళ్లినప్పుడు, "బండి తీసుకురా, దానికి ఒక పెట్టె చేద్దాం" అని మాత్రం అన్నాడు.

పాలమూరు వైపు వడ్రంగి ఒకాయన గల్లీలోనే దొరికాడు. మొదట కొలతలు. చక్రాల మీది రేకు గూళ్ల మధ్య వెడల్పే అసలు కొలత. టేపుతో సరిపెట్టకుండా మామా అట్టముక్కలు కత్తిరించి బండిలో దింపి చూశాడు. పాత బండిలో ఒక మూల ఇంకో మూలకు సమానంగా ఉండదు. పెట్టె ఇరువైపులా వేలు దూరేంత ఖాళీ వదిలాం. లేకపోతే దింపేటప్పుడు ఇరుక్కుంటుంది. మాది 34 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 16 ఎత్తు. నీటికి ఓర్చే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిదడుగుల షీటు ఒక్కటి సరిపోయింది. ఇనుపరేకుతో చేస్తే గలగలమంటుంది.

ప్లైవుడ్ నీరు తాగేది అంచుల్లోంచి. అందుకని కోసిన అంచులన్నింటికీ రెండుసార్లు ప్రైమరు పట్టించి ఆరాకే బిగించాం. అడుగున రెండు చెక్క పట్టీలు వేశాం, బండిలో నిలిచిన నీళ్లు వాటి మధ్యనుంచి పోతాయి. మూత వెనక్కి కొద్దిగా వాలుగా, అంచులు బయటికి అంగుళం జారి ఉంటాయి, లోపల రబ్బరు పట్టీ. పొడుగాటి ఇత్తడి బందు, పాత బిగింపులు చోర్ బజార్‌లో దొరికాయి. అది నడిచిపోయేంత దూరమే.

బిగింపులోనే ఉంది మామా తెలివి. నేను బయటినుంచి బోల్టులు వేద్దామన్నాను. "దొంగ దగ్గర పానా ఉండదా?" అన్నాడు. బండి నేల కింద నాలుగు చోట్ల మందపాటి ఇనుప బిళ్లలు, వాటికి నట్లు వెల్డింగు చేయించాడు. బోల్టులు పెట్టె లోపలి నుంచి కిందికి దిగుతాయి. మూతకు తాళం పడితే బోల్టు చేతికందదు. పెట్టె తీసినప్పుడు బోల్టులూ వచ్చేస్తాయి, కాలికి తగిలేదేమీ మిగలదు. ఆ రంధ్రాలకు రబ్బరు బిరడాలు పెడితే సరి. బిళ్ల లేకుండా పల్చటి రేకుకు బిగిస్తే, గట్టిగా బ్రేకు వేసిన రోజు రేకు చీల్చుకుని పెట్టె మీ వీపు మీదికి వస్తుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగ విప్పడం, డీజిలు టాంకు ఎక్కడుందో చూసుకోవడం మరవకండి.

పెట్టెను వెనక ఇరుసు మీదికి వచ్చేలా పెట్టండి. వెనక్కి వేలాడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. బరువైనవి అడుగున. వెనక దీపాలు, నంబరు పలక కప్పకూడదు. మేము చేసిన తప్పు కూడా చెబుతాను. మూత మొదట వెనకవైపు బందుతో పెట్టాం. తెరిస్తే వెనక తలుపుకు కొట్టుకునేది. విప్పి మళ్లీ ముందువైపు పెట్టాల్సి వచ్చింది. ఒక పూట వృథా.

ఆ కామాఠిపురాకు దగ్గరే మజ్‌గావ్ ఉంది. మన దేశంలో విల్లీస్ జీపులు మొదట బిగించింది అక్కడే, 1940 దశకం చివర. మామా ఈ సంగతి చెప్పి, "బండి పుట్టింటికి వచ్చింది, సారె పెట్టి పంపుతున్నం" అని నవ్వాడు. కాయితాల సంగతి తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

2012లో మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా మిల్లు కార్మికుల ఇళ్లకు మొదటి లాటరీ తీసింది. అర్జీకి మిల్లులో పనిచేసినట్లు రుజువు కావాలి. తడిసిన చీటీలు పనికిరాలేదు. అత్తమ్మ చీరల మడతలో ఒక్క ఈఎస్ఐ కార్డు మిగిలి ఉంది, దాంతోనే అర్జీ పెట్టాం. లాటరీలో పేరు రాలేదు, అది వేరే సంగతి. ఆ కార్డును ముంబైకి తీసుకెళ్లింది మాత్రం ఈ పెట్టెలోనే. ఆ రోజూ వానే. కార్డు పొడిగా దిగింది.