సంచి వాడిది, జైలు మనది

(మియాపూర్‌లో ఆదివాసీ యువత కూర్చున్నప్పుడు మాట్లాడిన మాటలు)



సెక్యూరిటీ డ్యూటీ, హౌస్‌కీపింగ్, డెలివరీ చేసేవాళ్లు, హాస్టల్‌లో ఉండి కోచింగ్‌కు పోయేవాళ్లు అందరం ఇక్కడున్నాం. మత్తు చెడ్డదని మీకు తెలుసు. అది చెప్పడానికి రాలేదు. ఈ వ్యాపారంలో మనల్ని ఎక్కడ నిలబెట్టారో ఒకసారి చూద్దాం.

ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి పండుతుంది. చెమట మనది, పెట్టుబడి బయటోడిది. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ ఏజెన్సీలో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. మరి డబ్బు పెట్టినోళ్లు ఎంతమంది లోపలికి పోయారు? తోట నరికితే సరిపోదు. కాఫీకి, మిరియాలకు, పసుపుకు గిట్టుబాటు ధర ఇవ్వాలి, పట్టాలివ్వాలి. అది మనం అడగాల్సిందే.

ఇక సిటీకొద్దాం. "ఒక్క సంచి తెచ్చిపెట్టు, నెల జీతం ఒక్క ట్రిప్పులో వస్తది" అంటాడు ఒకడు. ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నాటిది. గంజాయి 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్ల జైలు, కనీసం లక్ష జరిమానా. బెయిల్ దొరకడం చాలా కష్టం. "లోపల ఏముందో నాకు తెల్వదు" అంటే చాలదు. తెలియదని నువ్వే రుజువు చేసుకోవాలి. సంచి పంపినోడి పేరు కూడా నీకు తెలిసి ఉండదు.

కొందరంటారు, "మనకు ఇప్పసారా, కల్లు తాతల నాటి నుంచి ఉన్నయి కదా" అని. ఉన్నాయి. పండుగకు, పెళ్లికి, చావుకు, పెద్దల ముందు. దేవతకు పోసినాకనే మనకు. రాత్రి డ్యూటీ దిగి రూంలో ఒక్కడే తాగేది ఆ ఆచారం కాదు. కాంపౌండ్ కల్లు కూడా మన చెట్టు కల్లు కాదు. 2025 జూలైలో పక్కనే హైదర్‌నగర్, కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కూలిజనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కల్లులో అల్ప్రాజోలం అనే నిద్రమందు తేలింది. దానికి అలవాటుపడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. అందుకే మానాలన్నా డాక్టర్ దగ్గరే మానాలి.

2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వే చూడండి: మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలినోళ్లను సిగ్గు ఆపింది, ఖర్చు ఆపింది, ఎక్కడికి పోవాలో తెలియక ఆగిపోయారు.

ఎక్కడికి పోవాలో చెప్తున్నా, రాసుకోండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే అదే లైన్లో ఎర్రగడ్డ వస్తది. అక్కడ సర్కారు మానసిక వైద్యశాల ఉంది, మత్తు మాన్పిస్తారు. ఫోన్ చేయాలంటే 14446. వాడకం కేసో, చిన్న మొత్తం కేసో పడ్డవాళ్లు తమంతట తాము సర్కారు గుర్తించిన చోట చికిత్సకు పోయి పూర్తి చేసుకుంటే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపుకు అదే చట్టం 64ఏ సెక్షన్‌లో దారి ఉంది. ఎవరినైనా పట్టుకుపోతే 15100కు చేయండి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. అది మన హక్కు.

పక్క రూంలో తమ్ముడు నాలుగు రోజుల నుంచి డ్యూటీకి పోకుంటే తలుపు కొట్టండి. తిట్టడానికి కాదు, వెంటబెట్టుకుని ఎర్రగడ్డకు తీసుకుపోవడానికి.

జోహార్.