గులాబీలు చాలు, నోటుపుస్తకం పంపండి

గౌన్లలో ఉడికిపోతున్నారు కాబట్టి మర్యాదలు పక్కన పెడతాను. బీఎడ్ పట్టా అందుకున్న మీ అందరికీ అభినందనలు.

నేను కొలువులో చేరేసరికి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడుస్తోంది. బ్రిటిష్ సాయంతో వచ్చిన పథకం. చుట్టుపక్కల బళ్లకి కలిపి టీచర్ సెంటర్లు పెట్టారు. అక్కడ బోధన సామగ్రి కోసం అట్టముక్కలు కత్తిరించేవాళ్లం. నిజం చెప్పొద్దూ, నేర్చుకున్నదంతా టీ తాగేటప్పుడే. ఓసారి ఒక సీనియర్ మేడం పిల్లవాడి నోటుపుస్తకం తెచ్చింది. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశాడు. "వీడు ఏమనుకుని ఇలా రాశాడో చెప్పండి" అంది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశాడన్నాం. "మరి అరకి ఇంకొంత కలిపితే అరకన్నా తగ్గిందేమిట్రా అని వాణ్నే అడగండి" అంది. టీలు చల్లారిపోయాయి.

ఇప్పుడు ఆ సెంటరు మీ జేబులో ఫోన్లోనే ఉంది. 2017లో దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక వచ్చింది, 2020లో టీచర్ల నిష్ఠ శిక్షణ ఆన్‌లైన్ అయింది. కోర్సులకు కొదవ లేదు. వాట్సాప్ గ్రూపులకీ లేదు. వాటిలో చేస్తున్నదేమిటి? పొద్దున్నే గులాబీలు, మధ్యాహ్నం కరవు భత్యం (డీఏ) కబుర్లు, రాత్రికి ఎవరో తయారుచేసిన పాఠ్యపథకం పీడీఎఫ్. దానికి వరసగా దండాలు. తెరిచి చదివినవాళ్లెవరో ఆ దేవుడికే తెలియాలి! డీఏ అడగొద్దనను, బకాయిలు నాకూ రావాలి. దానికి వేరే గ్రూపు పెట్టుకోండి.

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో రాసిన పుస్తకంలో దర్జీల దగ్గర, మంత్రసానుల దగ్గర కొత్తవాళ్లు పని ఎలా నేర్చుకుంటారో చూపించారు. అంచున చేరి, చిన్నపనులు చేస్తూ మెల్లగా నడిమికొస్తారు. అందుకే గ్రూపులో ఊరికే చదివేవాళ్లను నేను తిట్టను. కానీ దర్జీ కుర్రాడికి గుడ్డ కత్తిరించడం కళ్లెదుట కనబడుతుంది. మన గ్రూపుల్లో కుట్టేసిన చొక్కాలే తిరుగుతున్నాయి.

ఎందుకో నాకు తెలుసు. గ్రూపులో మండల విద్యాధికారి (ఎంఈఓ) గారుంటారు. "భిన్నాలు చెప్పడం నాకు కుదరట్లేదు" అని పెడితే మర్నాడే తనిఖీ అని భయం. కాబట్టి అధికారులు లేని గ్రూపొకటి ఉండాలి. ఒకే సబ్జెక్టువాళ్లు ఇరవై ముప్ఫైమంది చాలు. అడ్మిన్ అంటే జనాన్ని తీసేసేవాడు కాదు, అడిగినవాడికి సాయంత్రంలోగా ఒక్క జవాబైనా అందేలా చూసేవాడు. మొదటి ప్రశ్న గాలికి పోతే రెండోది ఎవరూ అడగరు నాయనా. పుస్తకం ఫోటో తీసేముందు పిల్లవాడి పేరు కనబడకుండా చూడండి. వాడి తప్పు వాడి పేరుతో ఊరేగక్కర్లేదు.

టీచర్ కొలువుల పరీక్ష డీఎస్సీకి బిట్లు పంచుకునే గ్రూపులు మీకున్నాయిగా? కొలువు రాగానే వాటిని చెరిపేయకండి. మొదటి జీతం స్క్రీన్‌షాట్ పెట్టండి, స్వీట్లడుగుతారు, ఇవ్వండి. మర్నాడు మీ తరగతిలో మీకు అంతుపట్టని ఒక తప్పు ఫోటో తీసి పెట్టండి. భోజనాలకు పిలుస్తున్నారు, వస్తాను.