ధనబలమును 77వ సెక్షనును
(స్మారకోపన్యాసము)



ఈ వత్సరపు ఉపన్యాసమునకు నన్ను నియోగించిన మీ ఆదరమునకు కృతజ్ఞుడను. ఎవరి పేర ఈ ధర్మనిధి వెలసినదో ఆ వకీలుగారి విద్వత్తును, దానశీలమును నాకు పూర్వము ఈ వేదికనుండి ప్రసంగించిన పెద్దలు విస్తరించి చెప్పియున్నారు గనుక పునరుక్తి చేయను. నాకు తెలిసిన సంగతి యొక్కటే: చదరంగమున ఓడిననాడు వారింట అతిథికి కాఫీ వచ్చెడిది కాదు, వాదమున ఓడిననాడు రెండుమారులు వచ్చెడిది. ఎన్నికల ఖర్చును ప్రభుత్వమే భరింపవలెనని వారును, కూడదని నేనును వాదించుకొనుచుండగనే వారు గతించిరి. ఆ వాదమును వారి ధర్మనిధి ఖర్చుతోనే నేడు కొనసాగింపబూనుట మర్యాద యగునో కాదో మీరే నిర్ణయింతురు గాక.

కంపెనీల చందాల కథ మీరెరిగినదే. 1957లో టాటా ఉక్కు కంపెనీ వ్యాజ్యమున బొంబాయి ప్రధాన న్యాయమూర్తి చాగ్లాగారు చేసిన హెచ్చరిక, 1969లో నిషేధము, 1985లో దాని సడలింపు, 2017లో లాభములపై ఉండిన 7.5 శాతపు హద్దు తొలగింపు, పిమ్మట ఎన్నికల బాండ్లు, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వానిని కొట్టివేయుట – వీనిని గూర్చి పత్రికలు వ్రాయవలసినంత వ్రాసినవి. ధనము వచ్చు మార్గమును గూర్చి ఇంత చర్చించిన మనము అది వ్యయమగు మార్గమును గూర్చి పలికినది స్వల్పము.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టపు 77వ సెక్షను అభ్యర్థి తన ఖర్చునకు లెక్క వ్రాయవలెననియు, విధించిన హద్దు దాటరాదనియు శాసించుచున్నది. నేడు మన రెండు తెలుగు రాష్ట్రములలో ఆ హద్దు లోకసభ స్థానమునకు 95 లక్షలు, శాసనసభ స్థానమునకు 40 లక్షలు. ఈ అంకెలను విని నవ్వని కార్యకర్త మన పల్లెలలో నుండడు. ఆ నవ్వునే ప్రమాణముగా గైకొని, హద్దు ఆచరణకు నిలువదు గనుక ఎత్తివేయుడని ఒక వర్గమువారు చిరకాలముగా బోధించుచున్నారు. నా కలహము వీరితోనే. ఈ దేశమున ఎన్నికల ఖర్చునకు నిజమైన హద్దు ఒక్క అక్టోబరు మాసమున కొన్ని దినములు తప్ప ఎన్నడును లేదని నా సిద్ధాంతము.

అది 1974 అక్టోబరు. కన్వర్‌లాల్ గుప్తా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, న్యాయమూర్తి భగవతిగారి ముఖమున, పార్టీ తన అభ్యర్థికై చేయు ఖర్చు అతనికి తెలిసి జరిగి, అతడు దానిని నిరాకరింపక దాని ఫలము ననుభవించినచో అది అతని ఖర్చే యగునని తీర్పు చెప్పెను. ఆ నెల ముగియకమునుపే ఆర్డినెన్సు వచ్చెను. సంవత్సరము ముగియకమునుపే అది చట్టమై, పార్టీయు మిత్రులును చేసిన ఖర్చు అభ్యర్థి లెక్కకు రాదని, గతించిన ఎన్నికలకు సైతము వర్తించునట్లుగా, 77వ సెక్షనుకు ఒక వివరణను తగిలించెను. నాటి ప్రధానమంత్రి ఎన్నికను ప్రశ్నించిన రాయబరేలీ వ్యాజ్యము అలహాబాదు హైకోర్టులో నలుగుచున్న రోజులవి. వీధివాకిలికి తాళము వేసి దొడ్డితలుపు బార్లా తెరచినట్లాయెను.

పార్లమెంటు క్రొత్తగా చేసినదేమియు లేదు, 1954 నాటి రణంజయసింగ్ తీర్పులోని పాత ధర్మమునే పునఃస్థాపించెనని ఆ సవరణ పక్షపాతులు నేటికిని వ్రాయుచున్నారు. దాని నుదాహరించువారిలో ఎందరు దానిని చదివిరో నాకు సందేహము. అందు పార్టీ ఖర్చు ప్రసక్తియే లేదు. అమేథీ ఎస్టేటు మేనేజరు, జిలేదార్లు, వారి బంట్రోతులు ఎస్టేటు యజమాని కుమారుని ఎన్నికలో పనిచేసిరి. వారికి జీతమిచ్చువాడు తండ్రి గనుక ఆ జీతములు కుమారుని ఖర్చు కావని న్యాయస్థానము తేల్చెను. ఒక ఎస్టేటు కొలువు కొలువంతయు అభ్యర్థి వెంట నడచిన వ్యాజ్యమును, జమీందారీలు రద్దయిన దేశమున పార్టీ ఖజానాలకు కవచముగా తొడుగుట ఏ న్యాయమో వారే సెలవియ్యవలెను.

1985లో నల్లతంపి తేరా వ్యాజ్యమున సుప్రీంకోర్టే ఆ వివరణను నిలిపినది గదా యందురు. నిలిపినమాట నిజమే, కాని దానిపై చేసిన విమర్శ అన్యాయము కాదనియు, విధాననిర్ణయము మాత్రము పార్లమెంటు చేతిదనియు ఆ తీర్పే పలికినది. విమర్శను గూర్చిన ఈ మాటను మన వ్యాఖ్యాతలు తఱచుగా మఱతురు. 1996లో కామన్‌కాజ్ వ్యాజ్యమున లెక్కలు దాఖలుచేయని పార్టీకి ఆ రక్షణ వర్తింపదనిరి. 2003లో పార్లమెంటే ఆ వివరణను కుదించి నాయకుల ప్రయాణవ్యయమునకు పరిమితము చేసెను. ఇంతటితో రంధ్రము పూడినదనువారు పార్టీ తన పేర నడపు సామాన్యప్రచారమును చూడరు కాబోలు. దానికి నేటికిని హద్దు లేదు. బ్రిటనువారి 1883 చట్టమును అభ్యర్థిని కట్టి పార్టీని విడిచినదే. జాతీయప్రచారమునకు హద్దు గీయుటకు వారికి 2000 సంవత్సరపు చట్టము దాక, అనగా 117 ఏండ్లు పట్టినది. అమెరికావారి 1976 నాటి బక్లీ తీర్పును చూపి, ఖర్చుపెట్టుటయు వాక్స్వాతంత్ర్యమే యనువారు, ఆ తీర్పు చందాకు హద్దును నిలిపి ఖర్చునకు తొలగించినదని గ్రహింతురు గాక. ఆ తర్కమే 2010లో కంపెనీలకు సైతము స్వతంత్రప్రచారమునకు మేరలేని స్వేచ్ఛ నిచ్చుదాక నడచెను.

ఇక వకీలుగారు చెప్పిన మందు, ప్రభుత్వమే ఖర్చు భరించుట. 1998లో ఇంద్రజిత్ గుప్తా సంఘము గుర్తింపు గల పార్టీలకు నగదుగా గాక వస్తురూపమున ప్రభుత్వ సహాయము సిఫారసు చేసెను. మేరలేని ఖర్చునకు ఖజానానుండి మఱికొంత చేర్చినచో ధనికుని సొమ్ము తగ్గదు. దానిపై పన్నుకట్టువాని సొమ్ము పేరుకొనును. ముందు పార్టీకి హద్దు, పిమ్మట సహాయము – ఈ క్రమమును వకీలుగారు తుదివరకు అంగీకరింపలేదు.

నేనిప్పుడు 77వ సెక్షను చరిత్రను గ్రంథముగా వ్రాయుచున్నాను. అందు తీర్పుల భాగము పూర్తియైనది; లెక్కల భాగము మిగిలియున్నది. ఫలితము వెలువడిన 30 దినములలో ప్రతి అభ్యర్థియు జిల్లా ఎన్నికల అధికారికి లెక్క నప్పగింపవలెను. 1961 నిబంధనలలో 88వది ఆ లెక్కను రూపాయి రుసుముతో ఎవరైనను చూడవచ్చుననుచున్నది. ఈ సభకు పలు జిల్లాలనుండి వచ్చినవారు గలరు. తమ నియోజకవర్గమున అభ్యర్థి చూపిన వాహనములు, సభలు, కరపత్రముల ఖర్చును, అవే తేదీలలో అచటి పత్రికలు వర్ణించిన పార్టీ సభలతో ప్రక్కప్రక్కన వ్రాసి పంపుడు. గెలిచినవారివే కాక ఓడినవారివియు కావలెను. లెక్క చెప్పవలసిన బాధ్యత ఇరువురకును సమానమే గదా. ప్రతులను ధర్మనిధి చిరునామాకు పంపవచ్చునని కార్యదర్శిగారు దయతో ఒప్పుకొనిరి. తపాలా ఖర్చు ఎవరి లెక్కకు వచ్చునో మా యిరువురి నడుమ ఇంకను తేలలేదు.